ఊరి పయనం లెక్కలోనే పెరూ పయనం కూడా

మా ఇంట్లో మూడు వారాలుగా ఒకటే ముచ్చట. ఐరోలీలో ఉంటున్న మా చిన్నోడు, కోడలు, ఇద్దరు పిల్లలు దక్షిణ అమెరికా చూసి రావాలనుకుంటున్నారు. ఒక టూర్ కంపెనీ వాళ్ళిచ్చిన రంగురంగుల కాగితం ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 12 రోజులు, ఐదు దేశాలు, మనిషికి ఐదు లక్షలు. నలుగురికి ఇరవై. చేతిలో అంత లేదు కాబట్టి బ్యాంకు అప్పు, ఐదేళ్ళ కిస్తీలు. "అందరూ ఇట్లనే పోతున్నరు పెద్దనాయనా" అని కింద రాశాడు.

కామాఠీపుర ఖోలీలో కూర్చుని నాయనమ్మ ఆ ఫోటోలన్నీ చూసింది. చూసి ఒక్కటే అడిగింది. "గంత దూరం పోతే అక్కడ మనోళ్ళెవరున్నర్రా?"

ఎవరూ లేరు. అదొక రకంగా లాభమే, ఎందుకో తర్వాత చెబుతాం. ముందు మా మాట ఏమిటో తేల్చేస్తాం. వాళ్ళు పోవద్దని మేం అనడం లేదు, పోవాలనే అంటున్నాం. అయితే అప్పు చేసి పోవద్దు. ఐదు దేశాలు వద్దు, ఒక్కటి చాలు. అన్నిటికంటే ముఖ్యంగా, దానికోసం ఏటేటా ఊరికి పోయే ఖర్చు కోయొద్దు. సూరత్‌లో, భివండీలో, షోలాపూర్‌లో ఉండి ఇది చదివే మన కుటుంబాల్లో కూడా ఇవాళో రేపో ఇదే పంచాయితీ వస్తుంది. అందుకే ఇంటి గొడవని ఇక్కడ పెడుతున్నాం.

దూర ప్రయాణానికి డబ్బు కూడబెట్టడం మనకు కొత్త విద్యేం కాదు. కామాఠీపుర అనే పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కామాఠీల వల్ల. 18వ శతాబ్దం చివరి నుంచి ఆ పల్లపు నేల మీద గుడిసెలు వేసుకుని, బొంబాయి కట్టడాలకు రాయీ సున్నం మోసినవాళ్ళు మన ముందువాళ్ళు. (ఆ పేరు చెప్పగానే బయటివాళ్ళ ముఖంలో వేరే అర్థం కనబడుతుంది. దాని గురించి ఇంకోసారి రాస్తాం.) వచ్చినవాళ్ళు వచ్చి ఊరుకోలేదు, ఏడాదికోసారి ఊరికి పోయారు. ఆ పోవడమే వాళ్ళ ఇంటి బడ్జెట్లో అన్నిటికంటే పెద్ద పద్దు.

మా తాత తాపీ మేస్త్రీ. ఎర్ర గుడ్డ అట్టతో పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి రాసేవాడు. అది ఇప్పటికీ మా దగ్గర ఉంది. ప్రతి ఎండాకాలం ఒక పేజీ, పైన "పయనం" అని. అక్షరాలు తెలుగు, అంకెలు కొన్ని మరాఠీవి. ఆ పేజీలు వరసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. రైలు టికెట్లు మొత్తం ఖర్చులో నాలుగో వంతు కూడా ఎప్పుడూ లేవు. మిగిలినదంతా ఎక్కడ పోయిందంటే: ఇద్దరు ఆడబిడ్డలకు చీరలు, బావలకు ధోవతులు, పిల్లల చేతుల్లో పెట్టడానికి రూపాయి నోట్లు, పెద్దమ్మ తల్లి దగ్గర మేక, బంతి భోజనం, కల్లు, కుమ్మరికి, చాకలికి, మంగలికి ఇచ్చుకోవాల్సినవి. బొంబాయి నుంచి వచ్చినోడు ఉత్త చేతులతో దిగితే ఊళ్ళో తల ఎత్తుకోలేడు. అది తెలిసి కూడా తాత దాన్ని "అదనపు ఖర్చు" అని రాయలేదు. టికెట్టు పక్కనే, అదే వరసలో రాశాడు. ఖర్చును పయనానికి ముందే ఒప్పుకున్నాడన్నమాట.

తోవ కూడా చిన్నది కాదు. మనమాడ్ దాకా పెద్ద లైను. అక్కడ రాత్రివేళ ట్రంకుపెట్టెలు దించుకుని మీటరు గేజి బండి పట్టుకోవాలి. ఔరంగాబాదు, నాందేడు మీదుగా నిజామాబాదు. అక్కడి నుంచి బస్సు: ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల. లైను మార్చి పెద్దది చేశాకే, అదీ 1990లలో, మనమాడ్‌లో దిగి ఎక్కే బాధ తప్పింది. ఇప్పుడు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ముంబైలో ఎక్కితే నిజామాబాదులో దిగడమే. లేదంటే రాత్రి బస్సులు నేరుగా కరీంనగరం, జగిత్యాల, సిరిసిల్ల పోతాయి. మనమాడ్ ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని ట్రంకుపెట్టె మీద పడుకోబెట్టి, టీ కోసం లేవాలా వద్దా అని ఆలోచించిన మనుషులకు "ట్రాన్సిట్" అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ డబ్బు ఎట్లా కూడేది? భిశీ. ముంబైలో పెరిగినవాళ్ళకు ఈ మాట తెలుసు, ఊళ్ళో దీన్నే చిట్టీ అంటారు. చాల్లో ఇరవై ఇళ్ళు, ఇరవై నెలలు, పగారు అందిన మర్నాడు అందరూ ఒకే మొత్తం వేస్తారు. డబ్బాలో చీటీలు వేసి ఒక చిన్నపిల్లతో తీయిస్తారు. ఎవరి పేరొస్తే ఆ నెల మొత్తం వాళ్ళది. ఎండాకాలం ముందు వచ్చే చీటీ కోసం పెద్ద బేరాలే జరిగేవి. "నాకు వానకాలంల వచ్చింది, నీది నాకియ్యి, నా బిడ్డ పెండ్లి ఉన్నది" అని. ఒక చీటీ మార్చుకున్నందుకు రెండు ఇళ్ళ మధ్య ఏడేళ్ళు మాటల్లేని సంగతి కూడా మాకు తెలుసు. అయినా ఆ డబ్బా ఒక పని చేసింది: ఖర్చు పెట్టేవాడి చేతికి డబ్బు పయనానికి ముందే వచ్చేది, తర్వాత కాదు.

దీనికి రెండో ముఖం కూడా చెప్పాలి. మా చాల్లోనే ఒకసారి భిశీ నడిపినాయన పదమూడో నెల తర్వాత కనబడకుండా పోయాడు. మాకు ఏడు నెలలు మిగిలి ఉన్నాయి. ఆ ఏడు ఊరికి పోలేదు. కాబట్టి పాత పద్ధతి గొప్పది, అదే పట్టుకోండి అని మేం చెప్పబోవడం లేదు. పద్ధతిలోని క్రమం పట్టుకోవాలి. డబ్బు దాచే చోటు మాత్రం బ్యాంకు రికరింగ్ డిపాజిట్ కావాలి. చిట్టీయే కావాలనుకుంటే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదే చూసుకోవాలి.

1982 అనగానే మా ఇంట్లో చట్టం గుర్తుకు రాదు, సమ్మె గుర్తొస్తుంది. ఆ ఏడు జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో మిల్లులు ఆగాయి. రెండున్నర లక్షల మంది కార్మికులు. నాయన పరేల్ వైపు ఒక మిల్లులో పనిచేసేవాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. చాలామంది ఊళ్ళకు పోయారు, మేమూ పోయాం. అప్పుడు తెలిసిందేమిటంటే, పోవడానికి డబ్బు ఎట్లాగో దొరుకుతుంది. తిరిగి రావడానికి దొరకదు. ఊళ్ళో ఎవరిని అడిగినా "బొంబాయోడివి, నువ్వే మమ్ముల అడుగుతవా" అన్నారు. నాయనమ్మ ముక్కుపుడక జగిత్యాలలో తాకట్టుకు పోయింది. అది మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటినుంచి మా ఇంట్లో పయనానికి రెండు మూటలు. ఒకటి పోయి రావడానికి. ఇంకొకటి వచ్చాక ఒక నెల ఇల్లు గడవడానికి. రెండో మూట కట్టకుండా టికెట్టు తీయడం లేదు.

ఇక అప్పు చేసి విమానం ఎక్కడం. దీని గురించి కరీంనగరం, నిజామాబాదు జిల్లాల వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దుబాయి, మస్కటు, కువైటు పోయేవాళ్ళందరికీ చాలాకాలం బొంబాయే గడప. వీసా వచ్చేదాకా చుట్టాల ఖోలీల్లో ఉండేవాళ్ళు. మా పదడుగుల గదిలో ఒక్కోసారి ఎనిమిది మంది పడుకున్నారు. ఏజెంటుకు కట్టిన డబ్బంతా ఊళ్ళో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదే. నెలకు, ఏడాదికి కాదు. మొదటి రెండేళ్ళ సంపాదన ఆ వడ్డీకే పోయేది. అయినా వాళ్ళ అప్పుకు ఒక అర్థం ఉంది. ఆ పయనం మూడో ఏడు నుంచైనా కూడు పెట్టేది. చూసి రావడానికి పోయే పయనం రూపాయి తేదు, తేవాల్సిన అవసరమూ లేదు. అందుకే దానికి అప్పు అసలే కుదరదు.

చిన్నోడికి మాటలతో చెబితే వినడు, లెక్క వేసి చూపించాం. ఇరవై లక్షలు, ఏడాదికి 12 శాతం వడ్డీ, అరవై నెలలు. కిస్తీ నెలకు సుమారు 44,490 రూపాయలు. మొత్తం కట్టేది దాదాపు 26 లక్షల 70 వేలు. అందులో వడ్డీ 6 లక్షల 70 వేలు. తిరిగొచ్చిన 12 రోజుల ఫోటోలు ఫోన్లో కిందికి కిందికి పోయినా, పెద్దపిల్ల పదో తరగతిలో చేరిన ఏడు కూడా ఈ కిస్తీ నడుస్తూనే ఉంటుంది. వాడు కాసేపు మాట్లాడలేదు. కోడలు మాత్రం "అయితే పోవద్దంటరా మామయ్యా?" అని సూటిగా అడిగింది. మంచి ప్రశ్న. అందుకే రెండో లెక్క వేశాం.

ఒక్క దేశం: పెరూ. పదహారు రోజులు. ఎందుకు పెరూ అంటే పిల్లలకు మాచు పిచ్చు చూడాలని ఉంది. అంతే, వేరే కారణం లేదు. ఐదు దేశాల ప్యాకేజీలో దానికి ఇచ్చింది ఒక పూట. కుస్కో నగరం సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ దిగగానే తలనొప్పి, ఆయాసం, వాంతులు రావడం మామూలే. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉంటే ఒంటికి అలవాటవుతుంది. దిగిన మర్నాడే పరుగెత్తించే ప్రయాణంలో పిల్ల పడకేస్తే ఆ రోజు డబ్బు పోయినట్టే. మాచు పిచ్చు అంతకంటే కిందనే ఉంటుంది, 2,430 మీటర్లు. అందుకని కుస్కోలో దిగగానే ఉండిపోకుండా, కింది లోయలోని ఓయంతయ్‌తంబో వైపు పోయి అక్కడ రెండు రాత్రులు ఉండి, మాచు పిచ్చు చూసుకుని, కుస్కో చివర్లో చూడటం మంచిది. ఒంటికీ మంచిది, ఖర్చుకూ మంచిది.

ముంబై నుంచి లీమా 16 వేల కిలోమీటర్లకు పైనే. నేరుగా విమానం లేదు. అడిస్ అబాబా, దోహా, దుబాయి మీదుగా సావో పాలో దాకా పోయి అక్కడ మారొచ్చు, లేదా యూరప్ మీదుగా పోవచ్చు. ఇక్కడ మన మనమాడ్ తెలివి పనికొస్తుంది. అమెరికా మీదుగా పోయే టికెట్టు ఒక్కోసారి చవగ్గా కనిపిస్తుంది. కానీ అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా కావాలి. నలుగురికి ఆ ఫీజు కడితే, పైగా రాకపోతే, చవక ఎక్కడిది? ఇంకొకటి: ముంబై–సావో పాలో ఒక టికెట్టు, సావో పాలో–లీమా ఇంకో టికెట్టు అని విడివిడిగా కొంటే బ్రెజిల్‌లో సామాను దించుకుని బయటికి రావాల్సి రావచ్చు. అంటే ఆ దేశం వీసా కూడా కావాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని డబ్బులు గోవిందా. ఒకే టికెట్టుగా కొనాలి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే.

పెరూకు మనకు వీసా కావాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదో ఒకటి ఆరు నెలలకు తగ్గకుండా గడువుతో ఉన్నవాళ్ళను పెరూ వేరే వీసా అడగదు. ఇట్లాంటి నియమాలు మారుతుంటాయి, టికెట్టు తీసేముందు రాయబార కార్యాలయం దగ్గర ఖాయం చేసుకోవాలి. పసుపు జ్వరం టీకా మాత్రం మరవొద్దు. బ్రెజిల్, పెరూ రెండూ మన ప్రభుత్వం జాబితాలో ఉన్న దేశాలే. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్టు చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచొచ్చు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి, అరవై దాటినవాళ్ళు డాక్టరును అడిగే వేయించుకోవాలి.

నెల విషయంలో మనకు అదృష్టం కలిసొచ్చింది. పిల్లల బడి సెలవులు మే నెలలో. కుస్కో వైపు వానలు డిసెంబరు నుంచి మార్చి దాకా. జూన్ 24న సూర్యుడి పండుగ, ఇంతి రాయ్‌మి. అప్పటినుంచి ఆగస్టు దాకా జనం ముసురుకుంటారు, గదుల ధరలు ఎక్కుతాయి. మే అంటే వానలు వెలిసి, జనం ఇంకా రాని వేళ. మనం ఊరికి పోయే నెలే వాళ్ళ దగ్గర కూడా మంచి నెల అయింది. మాచు పిచ్చులోకి రోజుకు ఇంతమందినే అని లెక్కగా పంపిస్తారు. టికెట్లు నెలల ముందే అయిపోతుంటాయి. దేవగిరి బండిలాగా అరవై రోజుల ముందు చూసుకుందాంలే అనుకుంటే కుదరదు.

మేం వేసుకున్న అంచనా ఇది, మా ఇంటి అంచనా మాత్రమే. విమానాలు మనిషికి లక్షా నలభై వేల చొప్పున 5 లక్షల 60 వేలు. వీసాలు, టీకాలు, ఇన్సూరెన్సు కలిపి 60 వేలు. పద్నాలుగు రాత్రులకు నలుగురూ పట్టే ఒక్కో గది 4,500 చొప్పున 63 వేలు. తిండి 72 వేలు. లీమా–కుస్కో విమానం పోనూ రానూ 56 వేలు. మాచు పిచ్చు రైలు, కొండపైకి బస్సు, లోపలికి టికెట్లు కలిపి 75 వేలు. చిల్లర ఖర్చులు 50 వేలు. మొత్తం 9 లక్షల 36 వేలు, పైన ఆపదకు ఉంచుకున్నది 64 వేలు. పది లక్షలు. ప్యాకేజీ అప్పుకు కట్టే వడ్డీయే దీంట్లో మూడింట రెండు వంతులని చూశాక చిన్నోడి ముఖం కొంచెం మారింది.

కొన్ని చోట్ల ఇంకా తగ్గుతుంది. పెరూలో బయటి దేశం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళకు హోటలు గది మీద 18 శాతం పన్ను లేదు. పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు ఆధారం చూపించాలి. అడగకపోతే కొందరు వేసేస్తారు, అడగాలి. మధ్యాహ్నం భోజనానికి చిన్న హోటళ్ళలో "మెనూ దెల్ దియా" అని ఉంటుంది, సూపు, అన్నం, కూర, తాగడానికేదో ఒకటి, అన్నీ కలిపి ఒకే ధర. మన దగ్గర రైస్‌ప్లేటు లాంటిది. క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు మూడు, మూడున్నర శాతం పైన వేసుకుంటాయి. విదేశీ ఖర్చుకని విడిగా కార్డు తీసుకుంటే అది తగ్గుతుంది. డాలర్లు తీసుకుపోతే కొత్త నోట్లు తీసుకుపోవాలి, అంచు చిరిగిన నోటు అక్కడ ఎవరూ పట్టుకోరు. ప్యాకేజీ కొంటే కంపెనీవాళ్ళు టీసీఎస్ అని మన దగ్గర ముందే పన్ను వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. కానీ అప్పటిదాకా మన చేతిలో ఉండదు. అప్పు తెచ్చి కడితే దాని మీద కూడా వడ్డీ మనదే.

రైలు దగ్గర కోడలికీ మాకూ పడలేదు. మాచు పిచ్చు కింది ఊరికి రైలు ఖరీదు. కుస్కో నుంచి హిద్రోఎలెక్త్రికా అనే చోటుకు వ్యానులో ఆరేడు గంటలు పోయి, అక్కడ నుంచి పట్టాల పక్కనే పది కిలోమీటర్లు నడిచి పోయేవాళ్ళున్నారు. బాగా చవక. కోడలు అదే అంటోంది. మేం ఒప్పుకోలేదు. కొండ దారిలో పిల్లలతో అన్ని గంటలు, పైన నడక. పొదుపు ఎక్కడ చేయాలో తెలిసినట్టే ఎక్కడ చేయకూడదో కూడా తెలియాలి. తాత పుస్తకంలో మనమాడ్ దగ్గర ఏటా "కూలీ" అని ఒక పద్దు ఉంటుంది. సున్నం తట్టలు మోసిన మనిషి తన పెట్టె తను మోయలేకనా? నాయనమ్మ చంకలో పిల్ల ఉండేది.

డబ్బు ఎట్లా దాచాలన్నది చివరికి ఇట్లా కుదిరింది. వచ్చే జనవరి నుంచి నెలకు 25 వేలు. అందులో 16 వేలు 36 నెలల రికరింగ్ డిపాజిట్లో. అది 2029 జనవరికి చేతికొస్తుంది, అసలు 5 లక్షల 76 వేలు, విమానాల టికెట్లకు. మిగతా 9 వేలు 40 నెలల దాంట్లో. అది పయనం వేళకు వస్తుంది, 3 లక్షల 60 వేలు. మొదటిది ముగిశాక నాలుగు నెలలు ఆ 16 వేలు విడిగా పెడితే 64 వేలు, అదే ఆపద డబ్బు. మొత్తం పది లక్షలు. వచ్చే వడ్డీ ఎంతో కొంత పెరిగే ధరలకు. నలభై నెలలు అంటే పిల్లలకు చాలా పొడుగు. పెద్దపిల్ల "అప్పటికి నేను పెద్దదాన్నైపోత" అని అలిగింది. అవును, అవుతుంది. కానీ తనకే ఒక పని అప్పజెప్పాం: నెలనెలా డబ్బు పడ్డదా లేదా అని పుస్తకంలో రాయాలి. తాత పుస్తకం వెనక ఇంకా ఖాళీ పేజీలున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే మా గల్లీలో సగం ఇళ్ళలో ఇదే నడుస్తోంది. కామాఠీపుర గల్లీలన్నీ కలిపి మ్హాడా చేత మళ్ళీ కట్టించాలని 2023లో ప్రభుత్వం నిర్ణయించిన దగ్గర్నుంచి ప్రతి ఖోలీ వాళ్ళూ రాబోయే ఫ్లాటు లెక్కలు వేసుకుంటున్నారు. "రేపు ఫ్లాటొస్తే ఇరవై లక్షలు ఒక లెక్కా?" అని చిన్నోడు కూడా అన్నాడు. ఇంకా రాని ఇల్లు చూపించి ఇప్పుడు అప్పు చేయడం మాకు నచ్చలేదు. ఆ ఇల్లు ఎప్పుడొస్తుందో, ఈలోపు ఎక్కడ ఉంటామో, అద్దె ఎంతవుతుందో! నాయనమ్మ వయసు ఎనభై దాటింది. ఆమె ఆ కొత్త ఇంటి గడప తొక్కుతుందో లేదో. ఆ డబ్బు ముందు ఆమెకు ఒక లిఫ్టున్న గది కావాలి.

నాయనమ్మ దగ్గరికే వద్దాం. ఆమె భయం అప్పు గురించి కాదు. "పిల్లలు పెద్ద దేశాలు చూస్తె ఇగ మన ఊరు చూస్తరా?" అన్నది, అందరూ లేచి పోయాక, మెల్లగా. దీనికి మా దగ్గర లెక్క లేదు. చిన్నోడి మొదటి ప్లానులో మాత్రం నిజంగానే ఐదేళ్ళు ఊరి ఖర్చు "సేవింగ్స్" అని రాసి ఉంది. దాన్ని కొట్టేయించాం. ఊరి పద్దు ముందు తీసి పక్కన పెట్టాలి, మిగిలినదాంట్లో నుంచే నెలకు 25 వేలు తీయాలి. తీయలేకపోతే నలభై నెలలు యాభై అవుతాయి, అంతేగానీ ఊరు పోదు. ఊళ్ళో ఆ పిల్లల పేరు చెబితే గుర్తుపట్టే మనుషులు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళు నలభై నెలలు ఆగుతారని ఎవరు హామీ ఇస్తారు?

పెరూ చవగ్గా అవుతుందని మొదట్లో అన్నాం కదా. అక్కడ చీర పెట్టాల్సిన ఆడబిడ్డలు లేరు, మేక కోయమనే కులపెద్దలు లేరు. ఈ మాట చెబితే నాయనమ్మ నవ్వింది గానీ, వెంటనే "ఉత్త చేతులతోని పోతరా మరి?" అని పచ్చడి, సకినాలు కట్టిస్తానని బయలుదేరింది. బయటి తిండి ఏ దేశంలో దిగినా చెప్పి చూపించాలనీ, చిలీ లాంటి చోట్ల చెప్పకపోతే జరిమానా వేస్తారనీ చెప్పాం. "తిండికి జరిమానా ఏంది?" అని ఆమెకు అర్థం కాలేదు. మన పల్లీ, మన ఆలుగడ్డ ఆ ఖండం నుంచే వచ్చాయనీ, మిరపకాయ కూడా ఆ వైపు నుంచే పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిందనీ పిల్లలు చెబితే అస్సలు నమ్మలేదు. "మిరపకాయ మనది కాకుంటె ఇంకెవరిది?"

2029 మేలో పెరూ అయితే, ఆ ఏడు మేలో ఊరు లేదు. ఇదొక్కటే మిగిలిన చిక్కు. బతుకమ్మకు పోదామని తీర్మానమైంది. ఈ ఏడు మేకు మాత్రం మామూలుగానే, దేవగిరిలో. టికెట్లు ఎప్పుడు తెరుస్తారని నాయనమ్మ ఇప్పటికే మూడుసార్లు అడిగింది. ఇదివరకటిలా నాలుగు నెలల ముందు కాదు, 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందేనని చెప్పాం. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.